ముందు బెంచీలో అనసూయమ్మ

"పది మంది ఉండాలె. తొమ్మిదే ఉన్నరు," అంటూ విజయేందర్ మరోసారి తలలు లెక్కపెట్టాడు. తర్వాత కారిడార్‌లోకి తొంగి చూసి కేకేశాడు. "సుబ్బులక్కా! నీ స్టవ్ బంద్ చేసి రా జెర. క్లాసుల కూర్చుందువు."

క్యాంటీన్ సుబ్బులు చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "నేను క్లాసులో కూర్చోడమేంటి బాబూ? అవతల ఇడ్లీ రేకులు పొయ్యి మీదున్నాయి."

"ఇరవై నిమిషాలు కూర్చోవాలె. మాట్లాడే పని లేదు. మధ్యమధ్యల తలకాయ ఊపితే సాలు."

విజయేందర్ కంప్యూటర్ డిపార్ట్‌మెంటు ఆఫీసు సూపరింటెండెంటు. యూనివర్సిటీలో ఏ పని పడినా ముందు అతనికే చెమట పడుతుంది. ఈసారి పడ్డ పని మామూలుది కాదు. డిపార్ట్‌మెంటులో రెండు అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు నింపాలి. పదకొండు మంది వస్తున్నారు. ఒక్కొక్కరూ విద్యార్థుల ముందు ఇరవై నిమిషాలు పాఠం చెప్పాలి, దాన్ని వీడియో తీయాలి, విన్నవాళ్ళు మార్కుల కాగితం నింపాలి. ఆ వీడియోలూ కాగితాలూ బయటి ఊళ్ళో ఉన్న నిపుణురాలికి పోవాలి. నోటీసులో అలాగే ఉంది. పరీక్షలు అయిపోయి వారం దాటిందనీ, హాస్టళ్ళకు తాళాలు పడ్డాయనీ ఆ తేదీలు వేసిన పెద్దవాళ్ళకు గుర్తు రాలేదు.

అందుకని సోమవారం పొద్దున రెండు వందల నాలుగో నంబరు గదిలో విద్యార్థుల బెంచీల మీద ఇద్దరు అటెండర్లు, ఇద్దరు ల్యాబ్ వాళ్ళు, వ్యాను డ్రైవరు, తోటమాలి, ముగ్గురు ఊడ్చే ఆడవాళ్ళు, ఇప్పుడు సుబ్బులు కూర్చున్నారు.

"కెమెరా ఎనక గోడకున్నది. బోర్డు, మీ తలకాయల ఎనక భాగం, గంతే పడ్తయి. ఎవ్వలు ఎనకకు తిరగొద్దు," అన్నాడు విజయేందర్.

"ఎనక నుంచి చూస్తె అందరం పిల్లలమే," అన్నాడు ల్యాబ్ అసిస్టెంట్ తుకారాం, నున్నటి బట్టతల తడుముకుంటూ. "నాకు మాత్రం ఒక టోపీ ఇప్పియ్యి సాబ్."

అందరూ నవ్వారు. ముందు బెంచీ చివర కూర్చున్న అటెండరు అనసూయమ్మ కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఈ మూడు రోజులు యూనిఫాం చీర కట్టొద్దన్నారని ఇంట్లో ఉన్న పసుపుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. బోయిగూడ నుంచి బస్సులో వస్తుంటే పక్కింటామె, "ఏంది పెండ్లికి పోతున్నవా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక, "కాలేజీకి," అంది.

పాఠం అందరికీ ఒకటే. హ్యాషింగ్. సోమవారం ఆరుగురు చెప్పారు. మొదట వచ్చిన రాహుల్ అనే అబ్బాయి ఇస్త్రీ నలగని చొక్కాతో, ప్రొజెక్టరుతో గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి, ఎక్కడా తడుముకోకుండా ఇంగ్లీషులో చెప్పుకుపోయాడు. రెండో ఆమె వేగంగా చెప్పింది. మూడో ఆయన కెమెరానే చూస్తూ చెప్పాడు. ఎవరూ బెంచీల వైపు చూడలేదు. మొదటిసారి లోపలికి అడుగుపెట్టగానే కూర్చున్నవాళ్ళను చూసి ఒక్క క్షణం ఆగడం, తర్వాత ఏమీ చూడనట్టు మొదలుపెట్టడం మాత్రం అందరిలోనూ ఒకటేగా ఉంది. అనసూయమ్మకు హ్యాష్, బకెట్, కొలిజన్ అనే మాటలు చెవిలో పడ్డాయి. బకెట్ ఒక్కటే తెలిసిన మాట. ఇందులో బకెట్ ఎందుకు వచ్చిందా అని సాయంత్రం దాకా ఆలోచించింది. మూడో పాఠానికి సుబ్బులు నిద్రపోయింది. తల దానంతటదే ఊగుతుంటే విజయేందర్ తలుపు దగ్గర నుంచి సంతోషంగా చూశాడు.

పాఠానికీ పాఠానికీ మధ్య అనసూయమ్మ బోర్డు తుడిచేది, బయట కూర్చున్నవాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చేది, గదుల తాళంచెవులు అడిగితే తీసిచ్చేది. ప్రతి పాఠం తర్వాత విజయేందర్ అప్పటికే నింపిన మార్కుల కాగితాలు తెచ్చి వేలితో చోటు చూపించేవాడు. ఆమె సంతకం చేసేది. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఆఫీసులో ఎక్కడ వేలు పెట్టి చూపిస్తే అక్కడ సంతకం చేయడం ఆమెకు అలవాటు.

*

మంగళవారం చివరి మనిషి, అంటే పదకొండోవాడు, చెప్పిన వేళకు గంట ముందే వచ్చాడు. పేరు యెషయా. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళుంటాయి. మెట్టుగూడ నుంచి నడిచే వచ్చాడట. చొక్కా వీపు తడిసిపోయింది. అనసూయమ్మ గ్లాసు నీళ్ళిస్తే నిలబడి తీసుకున్నాడు.

"కూసో బిడ్డా, నీ వంతుకు ఇంక మస్తు టైమున్నది."

"మొకం కడుక్కోవాలమ్మా. స్టాఫ్ బాత్రూం తాళమేసున్నది."

ఆమె వరండా గోడకున్న చెక్క పలక దగ్గరికి వెళ్ళింది. అతనితో మాట్లాడుతూనే, పలక వైపు చూడకుండానే, తాళంచెవి తీసి చేతిలో పెట్టింది. నలభై పైగా తాళంచెవులు వేలాడుతున్న పలకను అతను ఒకసారి, ఆమె చేతిని ఒకసారి చూశాడు.

ముఖం కడుక్కుని వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. చేతిలో ఒక కాగితం ఉంది. దాని మీద ఇంగ్లీషులో రాసుకున్నది పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాడు.

"ఇంతకు ముందు యాడ చెప్పినవు?" అని అడిగింది అనసూయమ్మ.

"మేడ్చల్ దిక్కు ఒక పాలిటెక్నిక్‌ల. ఊర్ల నుంచి వచ్చిన పిల్లలు, తెలుగు మీడియం. ఏప్రిల్‌ల సెక్షన్ మూసేసిన్రు." కాగితం మడిచాడు. "ఇది ఏడో ఇంటర్వ్యూ. ఇది సుత పోతే చదువు చెప్పుడు బందే అమ్మా. మా బామ్మర్ది మౌలాలిల కొరియర్ గోదాంల పని చూపిస్తనన్నడు. మా ఆమె ఫెయిత్ ఒద్దంటది. కాని ఎన్ని రోజులు ఒద్దంటది?"

అతని చేతివేళ్ళ సందుల్లో సుద్ద పొడి వల్ల వచ్చే పగుళ్ళు కనిపించాయి. డిపార్ట్‌మెంటులో ఇప్పుడు అలాంటి వేళ్ళు ఒక్క హెడ్ సారుకే ఉన్నాయి.

"లోపల పిల్లలు ఎంత మంది ఉన్నరమ్మా?"

"పిల్లలు యాడున్నరు బిడ్డా? మేమే ఉన్నం. నేను, తుకారాం, తోటాయన, క్యాంటీన్ సుబ్బులు." అతని ముఖంలో భయం పోగొట్టాలని నవ్వింది. "పది మంది చెప్పిన్రు. ఒక్క ముక్క సుత నెత్తికెక్కలే. నువ్వన్న మాకు తెలిసేటట్టు చెప్పు."

ఊరికే అన్న మాట. అనేసి ఆమె గ్లాసు కడగడానికి పోయింది.

*

యెషయా బోర్డు మీద పాఠం పేరు రాసి, అందరికీ నమస్కారం చెప్పి, ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు నడిచింది. కాగితంలో ఉన్నదే చెబుతున్నాడని అనసూయమ్మకు తెలిసిపోయింది. తర్వాత ఆగాడు. సుబ్బులు అప్పుడే కళ్ళు మూస్తోంది. తోటమాలి గోళ్ళలో మట్టి తీసుకుంటున్నాడు. యెషయా చేతిలో సుద్దముక్కను ఒకసారి తిప్పాడు.

"అమ్మా," అన్నాడు ముందు బెంచీ వైపు చూసి, "ఇందాక మీరు చూడకుంటనే చాబీ తీసిన్రు. ఎట్ల తీసిన్రు?"

అనసూయమ్మ వెనక్కి తిరగబోయి, తిరగొద్దన్నారని గుర్తొచ్చి ఆగిపోయింది. "నన్నేనా?"

"మిమ్ముల్నే."

"అండ్ల ఏమున్నది? పది కొక్కేలున్నయి. రూం నంబర్‌ల ఆఖరి అంకె చూస్త. రెండు వందల పధ్నాలుగు అయితే నాలుగో కొక్కెం."

"మూడు వందల నాలుగు అయితే?"

"అది సుత నాలుగే. అన్నీ ఒక్కదాని మీదనే."

"మరి ఏది ఏందో ఎట్ల తెలుస్తది?"

"బిళ్ళల మీద నంబర్లుంటయి గద. ఆ నాలుగైదిట్ల ఎతుకుత. నలభైల ఎతికే తక్లీఫ్ లేదు."

యెషయా బోర్డు వైపు తిరిగి పది కొక్కేలు గీశాడు. వాటి కింద సున్నా నుంచి తొమ్మిది దాకా అంకెలు వేశాడు. ఆమె చెప్పిన గదుల నంబర్లు ఒక్కొక్కటే అడుగుతూ, ఏ కొక్కేనికి పోవాలో వాళ్ళ చేతనే చెప్పిస్తూ తగిలించాడు. సుబ్బులు కళ్ళు తెరిచింది. డ్రైవరు లక్ష్మణ్ తన వ్యాను షెడ్డు నంబరు కూడా చెప్పి అది ఎక్కడికి పోతుందని అడిగాడు.

"కంప్యూటర్ సుత దాచినదాన్ని గిట్లనే ఎతుకుతది. ఆఖరి అంకె చూసుడే హ్యాష్. కొక్కేన్నే పుస్తకాలల్ల బకెట్ అంటరు. రెండు చాబీలు ఒక్క కొక్కేనికి వచ్చినయనుకోండ్రి, దాన్ని కొలిజన్ అంటరు. గంతే. అమ్మ ఎప్పటి నుంచో చేస్తున్న పనే ఇది."

అనసూయమ్మ తన రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని బోర్డు వైపే చూసింది. అక్కడ గీసింది తన పలకే. ఆ పలక మీద పాత గుమాస్తా అంతస్తుల వారీగా తాళంచెవులు తగిలించి రోజూ వెతుక్కునేవాడు. అతను పోయాక ఎవరినీ అడగకుండా, ఎవరికీ చెప్పకుండా ఆమె మార్చుకుంది. ఎవరైనా తప్పంటారేమోనని చాలా రోజులు భయపడింది కూడా.

"సార్," అన్నాడు తుకారాం, తాను మాట్లాడకూడదని మరిచిపోయి. "మరి రూములన్నీ నాలుగుతోనే అయిపోతే?"

"మంచిగ అడిగిన్రు. ఏమైతదో మీరే చెప్పుండ్రి."

"అన్నీ ఒక్కదానికే. కొక్కెం ఊడి నా కాలి మీద పడ్తది."

గది గొల్లుమంది. యెషయా కూడా నవ్వాడు. "అందుకే ఏ అంకె చూడాల్నో తెలివితోని ఎంచుకోవాలె," అని ఇంకో పది నిమిషాలు చెప్పాడు. విజయేందర్ తలుపు దగ్గర గడియారం చూపించేదాకా ఎవరికీ టైము తెలియలేదు.

వెనక బెంచీలో, కెమెరా పక్కన, డిపార్ట్‌మెంటు హెడ్ రామభద్రరావు కూర్చున్నాడు. ఈ రెండు రోజులూ ప్రతి పాఠానికీ ఏవో రాసుకుంటూనే ఉన్నాడు. ఈ పాఠానికి కలం మూత కూడా తీయలేదు.

సాయంత్రం సంతకాలకు పిలిచినప్పుడు పదకొండోవాడి కాగితాలు లేవు.

"ఆ సారుది ఏది?" అని అడిగింది అనసూయమ్మ.

"లిస్ట్‌లకెళ్ళి కొట్టేసిన," అన్నాడు విజయేందర్, కాగితాలు సర్దుతూ. "మంచిగనే చెప్పిండు పాపం. నాకు సుత అర్థమైంది, మజా వచ్చింది. కాని నోటీసుల ఇంగ్లీష్‌ల చెప్పాలె అని రాసున్నది గద. చదువుకున్నోడు, గది తెల్వదా? ఎవ్వలు చెప్పిన్రో ఏమో తెలుగుల చెప్పుమని. ఆ వీడియో పంపుడు దండగ."

ఎవ్వలు చెప్పిన్రో ఏమో. అనసూయమ్మ సంతకం సగంలో ఆగిపోయింది.

*

హెడ్ గదిలోకి టీ తీసుకెళ్ళేటప్పుడు ఆమె ఎప్పుడూ మాట్లాడదు. కప్పు పెట్టి, మూత పెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చేస్తుంది. ఆ రోజు కప్పు పెట్టాక అక్కడే నిలబడింది. రామభద్రరావు కంప్యూటరులో వీడియోలు చూస్తున్నాడు. కాసేపటికి తలెత్తాడు.

"ఏంటి అనసూయమ్మా?"

"సార్, ఆ పదకొండో అబ్బాయిది తప్పు కాదు. నాది."

"నీదా?"

"మాకు తెలిసేటట్టు చెప్పు బిడ్డా అన్న. ఊకె పరాచికానికి అన్న సార్. అతను నిజమనుకున్నడు. లేకుంటె కాగితంల రాసుకున్నది ఇంగ్లీష్‌లనే చెప్పేటోడు."

రామభద్రరావు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "పరాచికమేముంది అందులో? నీకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పమన్నావు. ముప్పై ఏళ్ళుగా నన్ను ఆ మాట అడిగిన పిల్లలు పది మంది కూడా ఉండరు."

"మల్ల ఒక్కసారి చెప్పిస్తే సార్? ఇంగ్లీష్‌లనే?"

"అందరికీ ఒక్కసారే. అతనికి రెండోసారి ఇస్తే మిగతా పదిమందికీ నేనేం చెప్పాలి?"

ఆమె కొంగు అంచు వేలికి చుట్టుకుని, విప్పి, మళ్ళీ చుట్టుకుంది. "ఇది ఏడో ఇంటర్వ్యూ అంట సార్. పోతే చదువు చెప్పుడే బంద్ చేస్తడంట. తప్పు నాది, దెబ్బ అతనికి తాకింది. నాకు గదే..."

మాట పూర్తి కాలేదు. రామభద్రరావు కళ్ళజోడు పెట్టుకున్నాడు. కిటికీ తలుపు వేసి వెళ్ళమన్నాడు. ఆమె వేసి వచ్చేసింది. మరో గంటకు కప్పు తీయడానికి వెళితే టీ అలాగే ఉంది, పైన మీగడ కట్టింది. ఆయన గదిలో లేడు. రెండు వందల నాలుగులో, ముందు బెంచీ మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. బోర్డు మీద పది కొక్కేలు ఇంకా చెరపలేదు. అనసూయమ్మ గుమ్మం దాకా వెళ్ళి, డస్టర్ కొంగు చాటున పట్టుకుని, చప్పుడు చేయకుండా వెనక్కి వచ్చింది.

*

బుధవారం పొద్దున తొమ్మిదికే ఆయన విజయేందర్‌ని పిలిచాడు.

"పదకొండు మందికీ ఫోన్ చెయ్యండి. ఎవరైనా తమ పాఠం ఇంకోసారి చెప్పదలుచుకుంటే పదకొండున్నరకి రావచ్చు. వీడియో పంపే టైము లేదు కాబట్టి నిపుణురాలు శ్రీలలిత మేడం తెర మీద నేరుగా వింటారు. ఇంగ్లీషులో చెప్పాలని ఇంకోసారి గుర్తు చెయ్యండి. అందరికీ ఒకే మాట చెప్పండి."

"సార్, ఇప్పుడు కొత్త పరేషాన్ ఎందుకు? మూడింటికి లిస్ట్ పోవాలె."

"పోతుంది. ముందు ఫోన్లు చెయ్యండి."

మొదటి పదిమందిలో కొందరు బాగానే చెప్పాం కదా అన్నారు. కొందరు అనుమానపడ్డారు. రాహుల్ అయితే, ఏమైనా తప్పు దొరికిందా అని మూడుసార్లు అడిగాడు. ఎవరూ వస్తామనలేదు. చివరి నంబరు నొక్కేటప్పుడు అనసూయమ్మ వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"జెర నాకియ్యి సార్. నేను మాట్లాడుత."

విజయేందర్ ఆమె ముఖం చూసి, ఏమీ అడగకుండా ఫోన్ ఇచ్చాడు. అవతల ఏదో బండి చప్పుడు, మనుషుల అరుపులు.

"నేను కాలేజీ అనసూయమ్మను బిడ్డా. యాడున్నవు?"

"గోదాంల ఉన్నమ్మా. ఇయ్యాల్నే షురూ చేసిన."

అప్పుడే చేరిపోయాడని ఆమె అనుకోలేదు. బల్ల అంచు పట్టుకుని గబగబా సంగతి చెప్పింది.

"మొదటి రోజే అమ్మా. మధ్యలకెళ్ళి పోతనంటే ఇంకోసారి రానియ్యరు. ఈడ సుత పోతది."

"కడుపు నొస్తుందని చెప్పు."

"నాకు అబద్ధం చెప్పనీకి రాదు."

"చదువు చెప్పే సారువు, అది సుత నేర్చుకోలేదా?" అంది. విజయేందర్ నవ్వాపుకుంటూ ముఖం తిప్పుకున్నాడు. అనసూయమ్మ గొంతు తగ్గించింది. "నిన్న నిన్ను ఖరాబ్ చేసింది నేను బిడ్డా. ఇయ్యాల మా దిక్కు చూడకు. గోడ దిక్కు చూసి చెప్పు. మేం సుత గోడలమే అనుకో. నీ కాగితంల ఏమున్నదో గదే చెప్పి పో."

పదకొండుంపావుకు యెషయా వచ్చాడు. జుట్టులో దుమ్ము, చొక్కా చేతికి అట్టపెట్టెల టేపు ముక్క అంటుకుని ఉంది. అనసూయమ్మ ఆ టేపును గోటితో లేపి తీసేసింది. తడి బట్ట తెచ్చి భుజాలు దులిపింది. అతను బడికి పోయే పిల్లవాడిలా నిలబడి దులిపించుకున్నాడు. "ఏం చెప్పి వచ్చినవు?" అని అడిగితే, "నిజమే చెప్పిన," అన్నాడు. "రేపటి నుంచి రావొద్దన్నరు."

ఆమె చేతిలో బట్ట ఆగిపోయింది. అతనే దాన్ని తీసుకుని బల్ల మీద పెట్టి, లోపలికి నడిచాడు.

*

ఈసారి వెనక గోడకు కెమెరాతో పాటు పెద్ద తెర కూడా పెట్టారు. తెర మీద శ్రీలలిత మేడం నెరిసిన జుట్టుతో, ఎదురుగా కాగితాల దొంతరతో కనిపిస్తోంది. పదిమందీ వెనక్కి తిరక్కుండా కూర్చున్నారు. ఆమె గొంతు మాత్రం వాళ్ళ వీపుల మీదుగా వినిపిస్తోంది.

యెషయా అనసూయమ్మ చెప్పినట్టే చేశాడు. కళ్ళు తెర మీద పెట్టి, బెంచీల వైపు దించకుండా, ఇంగ్లీషులో చెప్పాడు. రెండు మూడు చోట్ల తడబడ్డాడు, సర్దుకున్నాడు. నవ్వు లేదు, ప్రశ్న లేదు. నిన్నటి మనిషి ఇతనేనా అనిపించింది. అయినా అతను పాఠంలో ఎక్కడున్నాడో అనసూయమ్మకు తెలుస్తూనే ఉంది. కొలిజన్ అనగానే, ఇప్పుడు ఒక్కదాని మీదకు రెండొచ్చినయి అనుకుంది. పక్కన తుకారాం కూడా తల ఊపాడు. ఎవరో చెబితే ఊపినది కాదు అది.

పాఠం అయిపోయింది. ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అతను గోడను అడిగాడు. గోడలు ఏమీ అనలేదు.

శ్రీలలిత మేడం మాట్లాడింది. ఇంగ్లీషులోనే అయినా అనసూయమ్మకు కొంత అర్థమైంది. స్టూడెంట్స్, త్రీ డేస్, క్వశ్చన్. ఈ మూడు రోజులూ తాను చూసిన పది వీడియోల్లో ఒక్క విద్యార్థి కూడా నోరు తెరవలేదని, మార్కుల కాగితంలో మాత్రం విద్యార్థులతో కలుపుగోలుతనానికి అందరికీ ఐదుకు నాలుగు మార్కులున్నాయని, ఇతనికి ఆ గడిలో తాను ఏమి వేయాలని ఆమె అడుగుతోంది. గొంతులో కోపం లేదు, కానీ మెత్తదనమూ లేదు.

తలుపు దగ్గర విజయేందర్ రెండు అరచేతులూ కిందికి ఆడిస్తున్నాడు. లేవొద్దు, కదలొద్దు అని. యెషయా కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. అలా పెట్టుకోవడం చూసి అనసూయమ్మ లేచి నిలబడింది.

బెంచీ అంచు పట్టుకుంది.

"నాదొక ప్రశ్న ఉన్నది," అంది తెలుగులోనే. ఆమెకు వేరే భాష రాదు. "పై అంతస్తు కడుతున్నరు. రూములు పెరుగుతయి. పది కొక్కేలు సాలవని ఇరవై కొక్కేల పలక చేయిస్తమంటున్నరు. గప్పుడు ఆఖరి అంకె లెక్క నడవదు గద? మరి ఇప్పుడున్న చాబీలన్నీ దించి, ఒక్కొక్కటి మల్ల లెక్క చూసి, వేరే కొక్కేలకు ఎయ్యాల్నా? లేకుంటె పాతయి పాత తీరుగనే ఉంచి, కొత్తయి కొత్త తీరుగ ఎయ్యొచ్చా? నిన్నటి నుంచి నాకు గిదే సమజైతలేదు."

యెషయా తెర వైపు చూశాడు. తెలుగులో జవాబు చెబితే నిన్నటి కథే. చెప్పకపోతే ఆమె నిలబడే ఉంటుంది.

వెనక బెంచీ కిర్రుమంది. రామభద్రరావు లేచి ముందుకు వచ్చి, అనసూయమ్మ పక్కన నిలబడ్డాడు. ఆమె అడిగినదాన్ని ఇంగ్లీషులోకి మార్చి, ఒక్కొక్క మాటే తెర మీది మనిషికి చెప్పాడు. పది కొక్కేలు, ఇరవై కొక్కేలు, పాత తాళంచెవులు, ఏదీ వదల్లేదు.

శ్రీలలిత మేడం కాగితాలు పక్కకు జరిపింది. తెరకు దగ్గరగా వంగింది. పసుపుపచ్చ చీర, నెరిసిన ముడి, వంగిన వీపు ఆమెకు కనిపిస్తూనే ఉండాలి.

"ఈ విద్యార్థిని ఏ ఇయర్ సార్?" అని ఇంగ్లీషులోనే నెమ్మదిగా అడిగింది.

తలుపు దగ్గర విజయేందర్ రెండు వేళ్ళు చూపించాడు, సెకండియర్ అని. రామభద్రరావు అతన్ని చూశాడు. తర్వాత ముందు బెంచీ నుంచి చివరి బెంచీ దాకా కూర్చున్న పదిమందినీ చూశాడు.

"పద్దెనిమిదో ఇయర్ మేడం," అన్నాడు.

విజయేందర్ వేళ్ళు దించేశాడు.

"మా డిపార్ట్‌మెంటు అటెండరు. అనసూయమ్మ గారు. వీళ్ళెవరూ విద్యార్థులు కారు. సెలవుల్లో పిల్లలు లేరు. ఆ సంగతి మొదటి రోజే మీకు నేను చెప్పాల్సింది. చెప్పలేదు. మార్కుల కాగితాలు కూడా వీళ్ళు నింపినవి కావు. ఆ తప్పు నాది."

పద్దెనిమిదేళ్ళలో ఆయన తన పేరు వెనక గారు పెట్టడం అనసూయమ్మ ఎప్పుడూ వినలేదు. కూర్చోవాలో నిలబడాలో తెలియక అలాగే ఉండిపోయింది. తెర మీద మేడం పక్కకు జరిపిన కాగితాలను మళ్ళీ ముందుకు లాక్కుని తిరగేసింది. సుబ్బులు చేయి వచ్చి అనసూయమ్మ చేయి పట్టుకుంది.

"ఆ మార్కుల కాగితాలన్నీ తీసేయండి," అంది మేడం చివరికి. ఈసారి తెలుగులో, కోస్తా యాసతో. "నాకు వద్దు. వీడియోలు చూసి నేనే వేసుకుంటాను. ఏం బాబూ, నువ్వు నిన్న కూడా ఈ పాఠం చెప్పావట కదా? నాకు రాలేదే ఆ వీడియో?"

"తెలుగుల చెప్పిన మేడం," అన్నాడు యెషయా.

"సరే. ఇంగ్లీషులో చెప్పగలవని ఇప్పుడు విన్నాను. ఆవిడ నిలబడే ఉన్నారు, చూడు. ముందు ఆవిడకి జవాబు చెప్పు. ఆవిడకి ఎలా చెప్తే అర్థమవుతుందో అలాగే చెప్పు. రామభద్రరావు గారూ, నిన్నటి వీడియో కూడా పంపించండి."

యెషయా సుద్దముక్క తీసుకున్నాడు. మొదటి గీత వంకరగా వచ్చింది. చెరిపి మళ్ళీ గీశాడు.

"అన్నీ దించాల్సిందే అమ్మా," అన్నాడు. "తప్పదు. కాని ఒక్కసారే. దించుదాం రాండ్రి."

*

మూడింటికి జాబితా వెళ్ళిపోయింది. ఆర్డర్లు వచ్చేదాకా పేర్లు బయటికి రావు. హెడ్ చెప్పడు, విజయేందర్ చెప్పడు. ఎవరూ అడగరు కూడా.

నాలుగింటికి అనసూయమ్మ టీ తీసుకెళ్ళేసరికి రామభద్రరావు పెద్దాఫీసుకు సంజాయిషీ రాస్తున్నాడు. చేతిరాతతోనే రాస్తున్నాడు, పేజీన్నర అయింది. ఆమె కప్పు పెట్టి, మూత పెట్టి, తలుపు దాకా వెళ్ళింది.

"అనసూయమ్మా, స్టాఫ్ రూములో రెండు బల్లలు ఖాళీ చేయించు. పాత కాగితాలన్నీ తీయించేసి తుడిపించు."

"సరే సార్."

తలుపు మీద చేయి పెట్టి ఆమె కాసేపు ఆగింది. పేరు అడగకూడదని ఆమెకు తెలుసు.

"ఒక బల్ల కిటికీ దిక్కు ఏయిస్త సార్," అంది. "పొద్దుగాల గోదాంల దుమ్ము పీల్చిండు."

రామభద్రరావు రాస్తున్న వాక్యం పూర్తి చేశాడు. చుక్క పెట్టాడు. తలెత్తకుండానే కప్పు మీద మూత తీసి, పక్కన పెట్టాడు.

"వేయించు," అన్నాడు.